మరచుట్టునకు కొలత కట్టిన సర్ జోసెఫ్ విట్‌వర్త్

తెలుగున మర యను మాట చిన్నది. దాని పరివారము పెద్దది. గింజలు విసరునది పిండిమర. విద్యుచ్ఛక్తితో నడుచు మగ్గము మరమగ్గము. కొయ్యలోనికి త్రిప్పి దింపెడు మేకు మరమేకు. యంత్రమునకును, ఆ యంత్రమును బిగించి నిలుపు చుట్టునకును మనవారు ఒకే పేరు పెట్టుకొనిరి. ఏ యంత్రమునైనను విప్పుచు పోయినచో ప్రతి అంగమును మరియొక అంగముతో పట్టి యుంచునది బోల్టు మీది మరచుట్టే యని మనకు తెలియును. కావున ఆ పేరు తగినదే. ఆ చుట్టునకు ఒక దేశమంతటను చెల్లెడు కొలతను మొట్టమొదట కట్టిన వాడు ఇంగ్లండు దేశీయుడైన సర్ జోసెఫ్ విట్‌వర్త్. సోలాపురమున మగ్గముల చప్పుడు నడుమ పెరుగు మన బాలబాలికలకు ఆయన చరిత్ర తెలిసి యుండుట మేలని తలచి దీనిని వ్రాయుచున్నాము.

విట్‌వర్త్ 1803 డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని స్టాక్‌పోర్టు పట్టణమున జన్మించెను. తండ్రి చార్లెస్ బడిపంతులు. తరువాత క్రైస్తవ మతాచార్యుడయ్యెను. సంపన్న గృహము కాదు. 1814లో తల్లి మరణించెను. అప్పటికి పిల్లవాని వయస్సు పది సంవత్సరములు. తండ్రి వానిని లీడ్స్ నగర సమీపమున గల ఐడిల్ అను గ్రామములోని పాఠశాలకు పంపెను. ఆ చదువు పదునాలుగవ యేటనే ముగిసినది. కళాశాల గుమ్మమును విద్యార్థిగా ఆయన ఎన్నడును త్రొక్కలేదు.

డెర్బీషైరు మండలమున ఆయన మేనమామకు నూలుమిల్లు ఉండెను. పిల్లవాడు అచట వ్యాపారము నేర్చుకొని, పిమ్మట మిల్లులో భాగస్వామి కావలెనని పెద్దల సంకల్పము. కాని వాని మనస్సు లెక్కల పుస్తకముల మీద గాక కదురుల మీద, పళ్లచక్రముల మీద నిలిచెను. మిల్లులోని ప్రతి యంత్రమును విప్పి బిగించుట త్వరలోనే నేర్చెను. నేర్చిన కొలదియు ఒక విషయము వానిని బాధించెను. ఆ యంత్రములు మొరటుగా చేయబడినవి. ఒకదాని భాగము మరియొకదానికి పట్టదు. ఇంతకన్న మేలుగా చేయవచ్చునను తలంపు ఆ బాలునిలో వేరూనినది. నాలుగేండ్లు గడచిన పిదప, భాగస్వామ్యపు ఆశను వదలుకొని, మాంచెస్టరు నగరమునకు పోయి యంత్రశాలలో సామాన్యపు పనివాడుగా చేరెను. చేతికి అందిన సుఖమును విడిచి నూనె మరకల పని కోరుకొనుట ఆనాడు బంధువులకు తెలివితక్కువగానే తోచి యుండును.

1825లో ఫ్రాన్సెస్ అను యువతిని వివాహమాడి, విట్‌వర్త్ లండను చేరెను. అచట హెన్రీ మాడ్స్‌లే యను మహాశిల్పి యంత్రశాల కలదు. మర కోయు లేతు యంత్రమునకు 1800 ప్రాంతమున మెరుగైన రూపము నిచ్చిన వాడు ఈ మాడ్స్‌లేయే. అంతకు పూర్వము పలుచోట్ల మరలను చేతితోనే, కంటి అంచనాతోనే కోయుచుండిరి. అట్టి బోల్టునకు దాని నట్టు ఒక్కటే సరిపోవును. వేరొక నట్టు ఎక్కదు. యంత్రమును విప్పునపుడు ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు పెట్టుకొనవలసి వచ్చెడిది. మాడ్స్‌లే తన యంత్రశాల వరకు మరలన్నియు ఒకే వరుసలో నుండునట్లు చేసెను. అయితే ఆ వరుస ఆ ప్రాకారము దాటి పోలేదు. దానిని దేశమునకు విస్తరింపజేయు భాగ్యము ఆయన శిష్యునకు దక్కినది.

మాడ్స్‌లే కడ విట్‌వర్త్ పట్టుకొన్న మొదటి సమస్య మర కాదు, సమతలము. చదునైన ఇనుప పలకను ఎట్లు చేయవలెను? చదునైనదని చెప్పుటకు దేనితో పోల్చవలెను? రెండు పలకలను ఒకదానిపై నొకటి పెట్టి రాచినచో రెండును చక్కగా అతుకుకొనును. కాని ఒకటి కొంచెము ఉబ్బియు, రెండవది అంతే పల్లముగాను ఉన్నను అట్లే అతుకును. అందుచేత రెండు పలకల సాక్ష్యము చాలదు, మూడవది కావలెను. మొదటిది రెండవదానితోను, రెండవది మూడవదానితోను, మూడవది మొదటిదానితోను సరిపోయినపుడే మూడును నిజముగా చదునైనవి. పలకకు ఎర్రరంగు పూసి, మరియొకదానిపై నానించి, రంగు అంటిన ఎత్తులను మాత్రము వాడియైన ఉలితో కొంచెము కొంచెముగా గోకవలెను. అంతవరకు పనివారు కురువిందపు పొడి వేసి రాచుచుండిరి. ఆ పొడి ఎచట ఎక్కువ చేరునో అచట ఎక్కువ అరిగి పలక చెడును. గోకుట నిదానమైన పని. కాని చేయి చెప్పినచోటనే తరుగు పడును. ఈ పద్ధతిని విట్‌వర్త్ 1840లో గ్లాస్గో నగరమున జరిగిన బ్రిటిష్ విజ్ఞాన సభలో వివరించెను. యంత్రశాలలలో సూక్ష్మపు కొలతలకు ఈ పలకయే పునాది యయ్యెను.

మాడ్స్‌లే కడ నుండి ఆయన హోల్ట్‌జాఫెల్ అను వారి కర్మాగారమునను, తరువాత జోసెఫ్ క్లెమెంట్ అను శిల్పి కడను పని చేసెను. క్లెమెంట్ ఆ దినములలో చార్లెస్ బాబేజి పండితుని గణన యంత్రమునకు భాగములు తయారు చేయుచుండెను. వేలకొలది భాగములు ఒకదానితో నొకటి రవంత తేడా లేక కుదురవలసిన ఆ యంత్రము సంపూర్తి కాలేదు. కాని సూక్ష్మమైన పని యనగా నేమో దాని చెంత నిలిచిన పనివారికి తెలిసినది. 1833లో విట్‌వర్త్ మాంచెస్టరునకు తిరిగి వచ్చి, చిన్న స్థలము అద్దెకు తీసికొని, తాను లండను నుండి వచ్చిన పనిముట్ల తయారీదారునని బోర్డు కట్టించెను. లేతులు, డ్రిల్లింగు యంత్రములు, ఇనుమును చదును చేయు యంత్రములు ఆయన చేతి మీదుగా వెలువడసాగెను. అవి బరువైనవి, కదలనివి, కొలత తప్పనివి. కొలది యేండ్లలోనే ఆ కర్మాగారము పేరు యూరపు ఖండమంతట వినబడెను.

ఇక మరల సంగతి. ఆ కాలమున రైళ్లు వచ్చుచున్నవి. ఒక ఊరిలో చేసిన ఇంజను మరియొక ఊరిలో చెడును. అచటి పనివాని యొద్ద దానికి సరిపడు బోల్టు లేదు. ఒకే లావు గల బోల్టు మీద ఒక కర్మాగారమువారు మరలు ఒత్తుగా కోయుదురు, వేరొకరు పలుచగా కోయుదురు. ఒకరి మర లోతు, ఒకరిది పైపైన. ఒకరిది వాడి మొన, ఒకరిది మొద్దు. ఒక్క బోల్టు పోయినను దాని స్థానమున కొత్తదానిని ప్రత్యేకముగా కోయింపవలెను, లేదా రంధ్రమునే మార్చవలెను. ఇందుచేత వ్యర్థమగు కాలమును, ధనమును ఎవరును లెక్క వేయలేదు. అది యంత్రములకు సహజమైన కష్టమే యని సరిపెట్టుకొనిరి.

విట్‌వర్త్ ఆ కష్టమును లెక్క వేసెను. ఆయన చేసిన పని యొక్క తీరు మనము గమనింపదగినది. తన కర్మాగారపు మరయే గొప్పదని దానిని దేశము నెత్తిన రుద్దలేదు. ఇంగ్లండులోని ప్రధాన యంత్రశాలల నుండి బోల్టులను సేకరించి, ఒక్కొక్కదానిని కొలిచి, ఆ కొలతల సగటును చూచెను. ప్రక్కలు రెండును కలియు కోణము 55 డిగ్రీలుగా తేలెను. మర యొక్క పూర్తి త్రిభుజపు ఎత్తులో ఆరవ వంతు శిఖరము వద్దను, ఆరవ వంతు లోయ వద్దను గుండ్రన చేయవలెనని నిర్ణయించెను. వాడిగా నున్న లోయ వద్దనే ఇనుము మొదట చిట్లును. గుండ్రన చేసినచో బలము నిలుచును. వాడి శిఖరము త్వరగా నలుగును, గుండ్రనిది నలుగదు. పిమ్మట ప్రతి లావునకును అంగుళమునకు ఎన్ని చుట్లుండవలెనో పట్టిక కట్టెను. పావు అంగుళపు బోల్టునకు 20, అర అంగుళపు దానికి 12, ఒక అంగుళపు దానికి 8. దీనిని 1841లో లండనులోని సివిల్ ఇంజనీర్ల సంస్థకు సమర్పించెను. ఏ ఒక్కని మరయు కాకుండుట చేతనే అది అందరిదియు కాగలిగినది. రైలు కంపెనీలు ముందుగా స్వీకరించెను. 1860 నాటికి బ్రిటన్ యందలి యంత్రశాలలలో అదియే వాడుక యయ్యెను.

దాని ప్రయోజనము క్రిమియా యుద్ధమున అందరికిని కన్నులకు గట్టినది. 1853లో మొదలై 1856లో ముగిసిన ఆ యుద్ధమునకు ఫిరంగి పడవలు అనేకముగా, అతి త్వరగా కావలసి వచ్చెను. 90 పడవలకు ఇంజనులు చేయుట ఏ ఒక్క కర్మాగారమునకును తలకు మించిన పని. జాన్ పెన్ అను ఇంజనీరు తన యొద్ద నున్న ఇంజనులను విప్పించి, వాని భాగములను నమూనాలుగా వేర్వేరు యంత్రశాలలకు పంపించెను. ఎచటెచటనో తయారైన భాగములు ఒకచోట చేరి, ఒకదానితో నొకటి బిగిసెను. మరలన్నియు ఒకే కొలతలో లేకున్నచో ఇది కలలోని మాట.

కొలత యెడ విట్‌వర్త్‌కు గల పట్టుదలకు ఆయన కొలత యంత్రము మరియొక నిదర్శనము. 1851లో లండనున జరిగిన మహా ప్రదర్శనమున ఆయన యంత్రములు మిక్కిలి ప్రశంసల నందెను. అంగుళములో పదిలక్షలవ వంతును గుర్తింపగల యంత్రమును ఆయన నిర్మించెను. దాని రహస్యము మన గణితపు తరగతిలోనిదే. అంగుళమునకు 20 చుట్లు గల మరను ఒక్కసారి త్రిప్పినచో అది అంగుళములో 20వ వంతు జరుగును. ఆ మరకు 200 పళ్ల చక్రము తగిలించి, ఆ చక్రమును మరియొక మరతో ఒక్కొక్క పన్ను చొప్పున నడిపినచో, ఒక పన్ను జరుగుట 4,000వ వంతు. ఆ రెండవ మర తలమీద 250 గీతలు గీసి, ఒక్క గీత మాత్రము త్రిప్పినచో అది 10,00,000వ వంతు. ఇరువదిని రెండువందలతోను, దానిని రెండువందల ఏబదితోను హెచ్చవేసి చూడుడు. బోల్టును బిగించు మరయే లోకములోని అతి చిన్న దూరమును కొలుచు సాధనముగా మారుట వింత గాదా!

మహనీయుల చరిత్రలో మనకు నచ్చని భాగమును దాచుట ధర్మము కాదు. ఆ సూక్ష్మదృష్టినే విట్‌వర్త్ ఆయుధముల మీదను ప్రసరింపజేసెను. ప్రభుత్వము కోరగా, ఆరు పలకల గొట్టము గల తుపాకిని ఆయన కనిపెట్టెను. 1857లో జరిగిన పరీక్షలలో అది సైన్యపు తుపాకిని దూరమునందును గురియందును ఓడించినను, గొట్టము త్వరగా మసిబారునను కారణము చూపి ప్రభుత్వము స్వీకరింపలేదు. 1861 నుండి 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధమున, బానిసత్వమును నిలుపగోరిన దక్షిణ రాష్ట్రముల గురికాండ్ర చేతులకు ఆ తుపాకులు కొన్ని చేరెను. కొలత తనంతట తాను మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. దానిని పట్టిన చేతి కోరికను బట్టి అది మగ్గము నేయును, మనుష్యుని చంపును.

ఆయన చేసిన దానములలో మన విద్యార్థులకు మిక్కిలి దగ్గరగా వచ్చునది 1868లో నెలకొల్పిన విద్యార్థి వేతనములు. సంవత్సరమునకు 100 పౌనుల చొప్పున 30 వేతనములు. వాని నియమము అపూర్వమైనది. అభ్యర్థి పుస్తక జ్ఞానమున పరీక్ష ఇయ్యవలెను. పనిముట్లు పట్టి పనిలోను నేర్పు చూపవలెను. చదివినవాడు ఆకురాయి పట్టుట నేర్వవలెను. ఆకురాయి పట్టినవాడు చదువవలెను. పదునాలుగవ యేట చదువు మానిన మనుష్యుడు తనకు దక్కని దానిని ఇతరులకు దక్కింపజూచుట ఇది. ఈ వేతనములు నేటికిని ఇంగ్లండున ఇయ్యబడుచున్నవి. మన తలిదండ్రులలో పలువురు, తెలుగున చదివిన పిల్లలు యంత్రవిద్యలో రాణింతురా యని మమ్ము అడుగుచుందురు. ఇంట తెలుగు, వీధిని మరాఠీ, పుస్తకమున ఇంగ్లీషు అగునపుడు ఆ శంక కలుగుట సహజము. మా సమాధానము ఇది. పిచ్ అనగా ఒక శిఖరము నుండి ప్రక్క శిఖరమునకు గల దూరమని తెలుగున తేటగా గ్రహించిన వానికి ఆ మాటను ఏ భాషలో విన్నను అర్థము తప్పదు. గ్రహింపకయే పలికినవానికి ఏ భాషయు తోడు రాదు.

1869లో ప్రభుత్వము ఆయనకు బారోనెట్ బిరుదము నిచ్చి సర్ అను గౌరవమును కలిగించెను. అంతకు ముందే, 1857లో, రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించి యుండెను. ఆయనకు సంతానము లేదు. చివరి దినములలో డెర్బీషైరునందలి డార్లీ డేల్ అను పల్లెలో నివసించెను. చలికాలమున ఆరోగ్యమునకై మధ్యధరా సముద్ర తీరమునకు పోయి, 1887 జనవరి 22వ తేదీన మాంటి కార్లో పట్టణమున మరణించెను. ఆయన ధనముతో మాంచెస్టరున కళాప్రదర్శనశాల ఏర్పడినది. ఆస్పత్రులకును, విద్యాలయములకును సాయము లభించినది. జర్మనీలో కార్ల్ బెంజి తన మోటారు బండికి 1886 జనవరిలో హక్కుపత్రమునకై దరఖాస్తు చేసెను. అనగా మోటారు బండి యుగము ఊపిరి పోసికొనుచుండగా విట్‌వర్త్ కన్ను మూసెను. ఐనను ఆయన మరచుట్టు ఆ బండ్ల లోపలికి ప్రవేశించినది.

ఆయన కథ ఇచటితో ముగియదు. ఏ కొలతయు లోకమునంతటిని ఒక్కసారి గెలువలేదు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ అను ఇంజనీరు 60 డిగ్రీల కోణము గల వేరొక మరను ప్రతిపాదించెను. అది ఆ దేశమున స్థిరపడెను. ఫ్రాన్సు మొదలగు దేశములు మీటరు కొలత మరలను పట్టుకొనెను. రెండవ ప్రపంచ యుద్ధమున ఒక దేశపు బోల్టు మిత్రదేశపు యంత్రమునకు పట్టక కలిగిన ఇక్కట్లకు ఫలితముగా 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా దేశములు 60 డిగ్రీల ఉమ్మడి మరకు అంగీకరించెను. మన దేశము 1956 చట్టముతో మీటరు పద్ధతికి మారెను. కాని పాత యంత్రములు పాత మరలతోనే మిగిలెను. మన మోటారు షెడ్లలో నేటికిని పాత కారు ఇంజను విప్పినపుడు కనబడు చిక్కు ఇదియే.

ఒక్క లెక్క చూపుదుము. అర అంగుళపు విట్‌వర్త్ బోల్టునకు అంగుళమునకు 12 చుట్లు. అదే లావు గల అమెరికా బోల్టునకు 13. కంటికి రెండును కవలలు. ఒకదాని రంధ్రములో రెండవదానిని పెట్టినచో మొదటి చుట్టు, రెండవ చుట్టు సులువుగా ఎక్కును, తరువాత బిగియును. తెలియనివాడు అది మంచి బిగింపే యనుకొని స్పానరుతో బలము చూపును. అప్పుడు రంధ్రములోని మర కొట్టుకొనిపోవును. ఇంతకన్న విచిత్రమైనది ఇంగ్లండులో 1945 నుండి 1949 వరకు తయారైన ఎమ్.జి. టి.సి. అను కారు ఇంజను కథ. ఆ ఇంజను వంశము కవెంట్రీ పట్టణములోని హాచ్‌కిస్ అను ఫ్రెంచి వారి కర్మాగారమునుండి వచ్చినది. మోరిస్ కంపెనీ 1923లో దానిని కొనినపుడు అచటి యంత్రములు మీటరు మరలు కోయునవి. వానిని మార్చుట కన్న అట్లే వాడుట మేలని కంపెనీ తలచినది. కాని ఇంగ్లండు పనివాని చేతిలోని స్పానరు విట్‌వర్త్ కొలతది. అందుచేత తల విట్‌వర్త్, ఒడలు మీటరు అను బోల్టులు పుట్టినవి. అందు 8 మిల్లీమీటర్ల బోల్టునకు పిచ్ 1 మిల్లీమీటరు. దాని ప్రక్కన 5/16 అంగుళపు ఇంగ్లీషు బోల్టు పెట్టి చూచినచో లావు 7.94 మిల్లీమీటర్లు, సన్నమర పిచ్ సుమారు 1.15 మిల్లీమీటర్లు. తల ఒకటి, లావు ఒకటి, నడక వేరు. తలను చూచి నమ్మినవాడు ఇంజను మరను చెరుపును.

మర చెడుటకు ఇదొక్కటే కారణము కాదు. మెత్తని అల్యూమినియములోనికి గట్టి ఉక్కు బోల్టు దిగినచోట అతిగా బిగించినచో ఓడునది అల్యూమినియమే. వంకరగా ఎక్కించినను, తుప్పు పట్టినదానిని బలవంతముగా పీకినను మర పోవును. ముందుగా పిచ్ గేజి పెట్టి అసలు మర ఏదో తేల్చవలెను. మొదటి చుట్లు మాత్రము నలిగి యుండినచో అదే కొలత ట్యాపును నిదానముగా నడిపిన చాలును. పూర్తిగా పోయినచో పాతకాలపు మార్గము రంధ్రమును పెద్దది చేసి ఇంకొక లావు బోల్టు వేయుట. పని జరుగును, కాని ఆ బోల్టు తన తోడివానితో కలియదు, రాబోవు పనివానిని మోసగించును.

మేలైన మార్గము ఉక్కుతీగ చుట్టను వాడుట. చెడిన రంధ్రమును నిర్ణీతమైన కొలత డ్రిల్లుతో నిటారుగా, అవసరమైన లోతు వరకు మాత్రమే తొలువవలెను. లోతు మితిమీరినచో ఇంజనులోని నీటి మార్గమునకు చిల్లు పడవచ్చును. ఆ చుట్టకై చేసిన ప్రత్యేకపు ట్యాపుతో కొత్త మర కోయవలెను. కొంచెము ముందునకు త్రిప్పి, మరల వెనుకకు త్రిప్పి, రజను తెగగొట్టుచు పోవలెను. ట్యాపునకు గ్రీసు పూసినచో రజను దానికే అంటుకొని, సిలిండరులో పడుట చాలవరకు తప్పును. రంధ్రమును శుభ్రపరచిన పిదప, వజ్రాకృతి గల తుప్పుపట్టని ఉక్కు తీగ చుట్టను దాని సాధనముతో త్రిప్పి లోనికి దింపవలెను. చుట్ట రంధ్రము కన్న రవంత పెద్దది. కావున స్ప్రింగు వలె లోపల ఒత్తి పట్టుకొనును. పై అంచు కన్న పావు చుట్టు మొదలు అర చుట్టు వరకు లోతుగా నిలిపి, అడుగున గల చిన్న కొక్కెమును విరిచి బయటికి తీయవలెను. దాని లోపలి ముఖమున మొదటి మరయే, అదే లావున, అదే పిచ్‌తో తిరిగి నిలుచును. పాత బోల్టే పాత చోట బిగియును. చుట్ట వెలుపలి వ్యాసము ఎక్కువ గనుక అది పట్టుకొను అల్యూమినియము కూడ ఎక్కువ; అందుచేత మునుపటి కన్న బలముగా నిలుచుట కద్దు.

యంత్రమును బాగు చేయుట యనగా తరువాతి వానికి తెలిసిన కొలతలోనే దానిని తిరిగి అప్పగించుట. విట్‌వర్త్ తలంపు సారము ఇదియే. ఆయన కొలత నేడు కొత్త యంత్రములలో అరుదైనను, ఆ తలంపు పాతబడలేదు. మన విద్యార్థులలో మోటారు పనికో, మగ్గముల మరమ్మతునకో పోవువారు ఒక్క నియమము గుర్తుంచుకొందురు గాక. బోల్టును మొదట వ్రేళ్లతోనే త్రిప్పవలెను. మూడు నాలుగు చుట్లు వ్రేళ్లకు లొంగి దిగినపుడే స్పానరు పట్టవలెను. దిగనిచో బలము చూపవలదు; విప్పి, కొలువవలెను.